స్పీకరు వెనక సుద్దతో రాసిన పేరు

నా చిన్నప్పుడు చేసిన వెధవ పనులు చాలావరకు నేనే నవ్వుతూ అందరికీ చెబుతుంటాను. జామకాయల కోసం గోడ దూకి గౌను చింపుకోవడం, సున్నా వచ్చిన లెక్కల కాగితాన్ని పొయ్యిలో పెట్టేయడం, అన్నీ చెబుతాను. ఒక్కటి మాత్రం మా ఆయనకి గాని, పిల్లలకి గాని ఇన్నేళ్ళూ చెప్పలేదు. అరవై దాటినదానికి ఇంకా ఇదేం సిగ్గు అనుకుంటారేమో. సిగ్గే మరి! పదకొండేళ్ళ పిల్ల, తెలియక చేసిందిలే అని నన్ను వెనకేసుకు రాకండి. చెయ్యడం తెలియకే చేశాను. దాచడం మాత్రం అన్నీ తెలిసే దాచాను.

మేము బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉండేవాళ్ళం. మా నాన్న లోకో షెడ్‌లో ఫిట్టరు. డ్యూటీ దిగి స్నానం చేస్తే చాలు, అకార్డియన్ మెడలో వేసుకునేవాడు. కాలనీలో తెలుగువాళ్ళ ఆర్కెస్ట్రాకి ఆయనే పెద్ద. ఏటా వినాయక చవితి పందిట్లో ఒక సాయంత్రం వాళ్ళ ప్రోగ్రాం ఉండేది, దానికోసం రెండు నెలల ముందునుంచే మా వరండాలో హడావుడి మొదలయ్యేది.

మా పక్క క్వార్టర్‌లో ఒక అప్ప ఉండేది. మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. వాళ్ళ నాన్న సర్వీసులో ఉండగానే పోతే ఆవిడకి రైల్వే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం ఇచ్చారు. ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒక గార్డుగారి దగ్గర బేస్ గిటారు తీసుకుని, రెండేళ్ళు తలుపులేసుకుని నేర్చుకుంది. నాలుగు లావుపాటి తీగలుండే గిటారు అది. పాట అడుగున దుమ్ దుమ్‌మని నడిచే మోత దానిదే. ఈ ఏడు పందిట్లో వాయిస్తానని ఆవిడ మా నాన్నని అడిగింది. ఆడపిల్ల స్టేజి మీద పాడితే ఎవరికీ అభ్యంతరం లేదు గాని, గిటారు తగిలించుకుని మగవాళ్ళ పక్కన నిలబడతానంటే కమిటీ పెద్దలకి మింగుడుపడలేదు. మా నాన్న ఔననలేదు, కాదనలేదు. ముందు యాంప్లిఫయరు, స్పీకర్ల సంగతి తేల్చుకుని, రిహార్సల్‌లో పలికించి చూపించమన్నాడు. ఆ మాటే ఆవిడకి ఏనుగెక్కినంత సంబరం.

అంతవరకు మా ఆర్కెస్ట్రాకి పందిరి మైకుసెట్టే గతి. యాంప్లిఫయరు కొనడానికి అప్పా నాన్నా తెలిపారా బజారుకి వెళ్తుంటే నేనూ తోకలా వెళ్ళాను. కొట్టతను అన్నిటికంటే పెద్దది, గట్టిగా అరిచేది తీసి ముందు పెట్టాడు. అప్ప దాన్ని కన్నెత్తి చూడలేదు. "వాట్లు కాదు మావయ్యా చూడాల్సింది. పందిరి మైకు భోంపులో బేస్ పలకదు. పెద్ద కోనున్న స్పీకర్లు కావాల, దానికి తగ్గ బాక్సు కావాల. ఆ రెండు స్పీకర్ల బరువు మోసీ యాంపు కావాల, అంతే," అంది. తర్వాత ఒక్కొక్క యాంప్లిఫయరుని వెనక్కి తిప్పి, అక్కడ రాసి ఉన్నది చదివి, లెక్క చూసుకుని, దుమ్ముపట్టి మూలన ఉన్నదొకటి ఎంచింది. కొట్టతను నవ్వి, "నోనీ కో తో సబ్ పతా హై!" అన్నాడు. వాళ్ళ ఛత్తీస్‌గఢీలో ఆడపిల్లని నోనీ అంటారు, ఈ పిల్లకి అన్నీ తెలుసే అని మెచ్చుకోలు. ఇంటికొచ్చేవరకు మా నాన్న ఆవిడని అలాగే పిలిచి ఏడిపించాడు.

బాక్సు చేసింది వ్యాగన్ షాపులో రిటైరైన కార్పెంటరు తాతగారు. నా నడుము దాటిన ఎత్తు, మందమైన ప్లైవుడ్డు, లోపల ఒకదాని కింద ఒకటి రెండు పెద్ద స్పీకర్లు. వైరింగు అప్పే చేసింది. పక్కన టార్చి పట్టుకున్నది నేను. ఒక్కో స్పీకరుకి వెనక వైర్లు బిగించేందుకు రెండు రేకులుంటాయి, ఒకదాని పక్కన చిన్న ఎర్ర చుక్క ఉంటుంది. దొరికిన వైర్లు రెండూ నల్లవే కాబట్టి, చుక్క ఉన్న రేకుకి వెళ్ళే వైరుకి ఆవిడ ఒక చిన్న ముడి వేసుకుంది, గుర్తుకి. పని అయ్యాక వెనక చెక్క బిగించి, మా నాన్నతో సహా అందరికీ చెప్పింది: "ఈ బాక్సు జోలికి ఎవరూ రాకండి. ఏటైనా అయితే జవాబు నాది."

ఎవరూ రాలేదు. నేను తప్ప.

కార్పెంటరు తాతగారు బాక్సు లోపల చెక్క మీద పెన్సిల్‌తో తన పేరు రాసుకున్నారు. అది చూసినప్పటినుంచి నాకు ఒకటే దురద. టార్చి పట్టిన మనిషిని, నా పేరు ఎందుకుండకూడదు? రిహార్సల్‌కి ముందురోజు మధ్యాహ్నం అప్ప డ్యూటీలో ఉంది, అమ్మ పడుకుంది, బాక్సు మా వరండాలో ఉంది. స్క్రూలు తీశాను. కింది స్పీకరు వెనక గుండ్రటి అయస్కాంతం నల్లగా, పలకలా ఊరిస్తూ కనిపించింది. వైర్లు అడ్డొస్తున్నాయని రెండూ ఊడదీసి, సుద్దముక్కతో నా పేరు రాసి, కింద ఒక పువ్వు కూడా వేశాను. ఆ ముడి వికారంగా అనిపించి, విప్పి వైరు సాపుచేశాను. అప్ప పని నేను శుభ్రం చేస్తున్నాననే అనుకున్నాను. తర్వాత ఏ వైరు ఎక్కడుండేదో గుర్తు లేక, రెండూ నల్లవే కదా అని తోచినట్టు బిగించేశాను.

మర్నాడు పొద్దున్న రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో రిహార్సల్. కమిటీనుంచి పెద్దాయన ఒకరు వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నారు. అప్ప తీగ మీటింది. దుమ్ అనాల్సింది టిక్ అంది. మా నాన్న అకార్డియన్ ఆపి, "ఏటమ్మా ఇది, దోమ పాడినట్టుంది?" అన్నాడు. వాల్యూమ్ పెంచారు. గరగర పెరిగింది గాని బేస్ పెరగలేదు. గిటారు వైరు మార్చారు. ప్లగ్గు తీసి పెట్టారు. ఒక్కొక్క స్పీకరుకి చెవి ఆనించి చూశారు, రెండూ పలుకుతూనే ఉన్నాయి. డ్రమ్ములబ్బాయి నవ్వుతూ, "యాంపు ఠీక్, స్పీకర్ ఠీక్, తో బచా కౌన్?" అన్నాడు. మిగిలింది ఎవరో అందరికీ అర్థమై గొల్లుమన్నారు. కమిటీ పెద్దాయన నవ్వలేదు, ఇంకా నొప్పించే మాట అన్నాడు. "ఆడపిల్ల వేళ్ళు కదేటి. బలం ఏటుంటాది?" అన్నాడు.

అప్ప ఇంకా గట్టిగా మీటింది. వేళ్ళ చివర్లు కందిపోయేదాకా మీటింది. నేను హాలు గోడకి ఆనుకుని చూస్తున్నాను. బాక్సు తెరిచిన సంగతి గుర్తుంది. అయినా రెండూ పలుకుతున్నాయి కదా, నావల్ల కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. చివరికి మా నాన్న అప్పని పక్కకి పిలిచి, ఊళ్ళోనే కుదుదండ్‌లో బేస్ వాయించే అబ్బాయి ఒకడున్నాడని, నాలుగింటికి అతన్ని రమ్మని కబురు పెడుతున్నానని, ఈలోగా తన గిటారు పలికితే స్టేజి ఆవిడదేనని చెప్పాడు. అందరూ భోజనాలకి వెళ్ళిపోయారు. ఆవిడ వెళ్ళలేదు. నేనూ కదల్లేకపోయాను.

అప్ప బాక్సు వెనక చెక్క విప్పింది. కింది అయస్కాంతం మీద నా పేరు, పువ్వు, తెల్లగా మెరిసిపోతున్నాయి. ఆవిడ కింది స్పీకరు వైరు ఒకటి ఊడదీసి, నన్ను తీగ మీటమంది. మీటాను. దుమ్! కుర్చీలు అదిరాయి. రెండు స్పీకర్లతో రాని మోత ఒక్కదానితో వచ్చింది. ఆవిడ నేల మీద చతికిలబడి పెద్దగా నవ్వింది. "దొరికిపోనాది దొంగ," అంది. ఆ మాట వైరునే అందిగాని, వీపు మీద చరిచినట్టు నాకు తగిలింది.

తర్వాత టార్చిలోంచి ఒక బ్యాటరీ తీసింది. ముందువైపు నిలబడి కోను మీద అరచెయ్యి ఆనించమని, వెనకనుంచి ఆ బ్యాటరీని ఒక్కో స్పీకరు వైర్ల చివర్లకి తగిలించింది. పైదానికి తగిలిస్తే కోను నా చేతిని ముందుకి తోసింది. కిందిదానికి వైర్లు నేను కలిపిన తీరునే మళ్ళీ బిగించి తగిలిస్తే, చేతికిందనుంచి వెనక్కి జారింది. "చూసేవా గుంటా? ఒకటి తోస్తంటే ఇంకోటి లాగతంది. రెండూ కష్టపడతన్నాయి గాని, బేస్ లోపలే చచ్చిపోతంది," అని చెప్పింది. చిన్నపిల్లని మావైపు గుంట అంటారు. ఎంత ఓపిగ్గా చెప్పిందని! నిన్న ఏం చేశావని అడగలేదు. వైర్లు సరిగ్గా మార్చింది, ఒకదానికి మళ్ళీ ముడి వేసింది. చెక్క మూసే ముందు పమిట చెంగుతో అయస్కాంతం మీద నా పేరు తుడిచేసింది. ఛీ, అప్పుడు నాకు కలిగినది ఏమిటో తెలుసా? హమ్మయ్య, గండం గడిచిందని సంతోషం!

నాలుగింటికి అందరూ వచ్చారు. కుదుదండ్ అబ్బాయి కూడా గిటారు భుజాన వేసుకుని వచ్చాడు. అప్ప వాయించింది. హాలు కిటికీలు గలగలమన్నాయి. మా నాన్న మొహం మతాబులా వెలిగింది. "మరి పొద్దున్న ఏటయింది?" అని అడిగాడు. కింది స్పీకరుకి వైర్లు తారుమారయ్యాయని అప్ప చెప్పింది. కమిటీ పెద్దాయన వెంటనే అందుకుని, "బాక్సు జోలికి ఎవరూ రావొద్దన్నావు కదా. మరి తారుమారు చేసిందెవరు?" అన్నాడు.

అప్ప నా వైపు చూసింది.

పట్టివ్వడానికి చూడలేదు. అలా అయితే నాకే నయంగా ఉండేది. చెబుతావా అని చూసింది. నాకు వీలుగా చోటిచ్చి, ఆగింది. "నేనే నాన్నా" అంటే ఏమవుతుందో నాకు అక్కడే, ఆ క్షణమే తెలుసు. రెండు చెంపదెబ్బలు పడతాయి, అప్ప స్టేజి ఎక్కుతుంది. అంతే. నేను నా కాళ్ళ బొటనవేళ్ళు చూసుకుంటూ నిలబడ్డాను. ఆవిడ చూపు మా నాన్న వైపు తిప్పింది. ఆ తర్వాత మామూలు గొంతుతో, "నాదే పొరపాటు మావయ్యా. చూసుకోకుండా కలిపీసేను," అంది.

"అచ్ఛా! మరి రేపు స్టేజి మీదా ఇలగే అయితే?" అన్నాడు కమిటీ పెద్దాయన. ఆయనకి కావలసిన వంక నేను పళ్ళెంలో పెట్టి అందించాను. మా నాన్న కాసేపు నసిగాడు, తల గోక్కున్నాడు, అప్ప కళ్ళలోకి మాత్రం చూడలేకపోయాడు. ఆ అబ్బాయి వాయిస్తాడని, యాంపు, బాక్సు అప్పవే వాడుకుంటారని, ఆవిడ దగ్గరుండి చూసుకోవాలని తీర్పు చెప్పాడు. ఆవిడ సరేనంది. బాక్సు ఎక్కడ పెడితే బాగా పలుకుతుందో ఆ అబ్బాయికి ఓపిగ్గా చూపించింది కూడా.

ప్రోగ్రాం రోజున ఆవిడ పందిట్లో నా పక్కనే, జంపఖానా మీద కూర్చుంది. స్టేజి మీద ఇంకొకరి వేళ్ళ కింద ఆవిడ బాక్సు మోగుతోంది. నేల అదిరి మా కాళ్ళలోకి ఎక్కుతోంది. జనం ఈలలు. అప్ప నా చెవి దగ్గర వంగి, "ఎంత బాగా పలకతందో కదే!" అంది. నిజంగా సంతోషించింది ఆ మనిషి. అంత సంతోషం ఎలా పడగలిగిందో నాకు ఈనాటికీ అర్థం కాదు. నేను ప్రసాదం చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

రెండు నెలలు పట్టింది నాకు నోరు తెరవడానికి. కార్తీకంలో ఒకరోజు వాళ్ళ వరండాలో ఆవిడ గోరుచిక్కుళ్ళు ఒలుస్తుంటే, ఎదురుగా కూర్చుని ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆవిడ ఒలవడం ఆపలేదు. "నాకు తెలుసు కదా గుంటా," అంది. తర్వాత ఇంకో కాయ అందుకుని, "ఆ రోజు చెప్పుంటే నాకు పనికొచ్చును. ఇప్పుడు నీకే పనికొస్తాది. పోనీలే, అదైనా మంచిదే," అంది. కోపం లేదు ఆ గొంతులో. కోప్పడితే బాగుండునని నేను ఇంకా ఏడ్చాను.

ఆ సాయంత్రం మా నాన్నకీ చెప్పాను. నన్ను కొట్టలేదు. చొక్కా వేసుకుని పక్క క్వార్టర్‌కి వెళ్ళి, వచ్చే ఏడు నువ్వే వాయించాలని అప్పని బతిమాలాడు. ఆవిడ నవ్వి, సాయంత్రం షిఫ్టు వేయించుకున్నానని, ఇక కుదరదని చెప్పింది. ఆ మరుసటేడూ అడిగాడు. అప్పుడూ డ్యూటీయే అంది. మూడో ఏడు మా నాన్న అడగడం మానేశాడు. నాకు తెలిసి ఆవిడ మళ్ళీ ఎక్కడా పదిమంది ముందు వాయించలేదు.

నేను పెద్దయ్యాక ముప్పై ఏళ్ళు ఆఫీసులో ఉద్యోగం చేశాను. నా చేతిలో ఏ చిన్న పొరపాటు జరిగినా, పైవాళ్ళు ఎవరని అడక్కముందే "నేనే సార్" అనేసేదాన్ని. ఎంత నిజాయితీ గల మనిషి అని అందరూ మెచ్చుకునేవారు. రిటైరైన రోజున మైకులో కూడా అదే చెప్పారు, చప్పట్లు కొట్టారు. మెడలో దండ వేసుకుని, తల వంచుకుని, సిగ్గుతో చచ్చిపోయాను. నేను చెప్పడానికి రెండు నెలలు తీసుకున్నందుకు ఒక మనిషి పాట ఆగిపోయిందని ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు.