చెక్క పడవకు ట్రాక్టర్ వైరింగ్

అది మాఘమాసం, మంగళవారం, మధ్యాహ్నం మూడున్నర. మట్టపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున మా బావ పాత తెరచాప పడవలో కూర్చుని స్విచ్ వేశాను. ఒక్క లైటూ వెలగలేదు.

బావ అంటే మా అక్క మొగుడు. వల వేయడం మానేశాడు గానీ పడవను వదల్లేదు. సాయంత్రాలు అవతలి ఒడ్డుకు మనుషులను దాటిస్తాడు. చీకటి పడ్డాక తిరిగే పడవకు ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ, తెరచాప కొయ్య మీద తెలుపు లైట్లు ఉండాలని, లేకపోతే పడవను కట్టేసుకోవాలని సూర్యాపేట నుంచి వచ్చిన ఆఫీసరు చెప్పిపోయాడు. ఆ మంగళవారం ఐదింటికి మళ్లీ వచ్చి చూస్తానన్నాడు. పడవ ఆగితే బావ ఇంట్లో కూర్చోవాలి. ఆయన ఇంట్లో కూర్చుంటే కూరలో ఉప్పు నుంచి చీపురు పెట్టే మూల దాకా అన్నిటికీ వంకలే.

నేను మిర్యాలగూడలో ట్రాక్టర్లకు వైరింగ్ చేసి ముసలివాణ్ని అయ్యాను. అక్షరాలు అరవై దాటాక వచ్చాయి, వైర్ల సంగతి మాత్రం మీసాలు రాకముందే తెలుసు. రంగు లైట్లు లారీ సామాన్ల షాపుల్లో దొరుకుతాయని కోదాడ మీదుగా వెళ్లి, వైరు కూడా అక్కడే కొన్నాను.

పడవలో పాత వైరింగ్ చూస్తే నవ్వొచ్చింది. సగం ఎలుకలు తిన్నాయి, మిగతాది చిలుము పట్టింది. పైగా ఒక్కో లైటుకు రెండేసి వైర్లు.

"ఎవడు బావా ఈ పని చేసింది? ఒక్క వైరుతోటి అయ్యేదానికి రెండు గుంజిండు. వైర్ల షాపోని అల్లుడా ఏంది?"

"నేనే చేశాను," అన్నాడు బావ.

"గందుకే గిట్లున్నది."

ట్రాక్టర్‌లో లైటుకు ఒకే వైరు పోతుంది. కరెంటు బ్యాటరీకి తిరిగి రావడానికి బండి ఇనుప బాడీయే దారి. నా బతుకంతా అట్లాగే వెలిగించాను. కాబట్టి పాతదంతా పీకేసి, లైటుకొక వైరు లాగి, బ్యాటరీ రెండో కొసను బోల్టు పెట్టి పడవకే బిగించాను. వైరు సగమే కొన్నానని కూడా గొప్పగా చెప్పాను.

స్విచ్ వేసినా వెలగకపోయేసరికి బల్బులు విప్పి చూశాను. బాగానే ఉన్నాయి. ఒడ్డున దండెం మీద బట్టలు ఆరేస్తున్న అక్క చూడనే చూసింది.

"ఏందిరా, ఎలుగుతలేవు?"

"జర ఆగక్కా. బ్యాటరీ ఏడెక్కాలె."

బావ నా పక్కకొచ్చి కూర్చున్నాడు. "ఒక్క వైరు చాలన్నావ్. మరి రెండోది ఏది?"

"బాడీ ఉంటది గద బావా. బాడీలకెళ్లి పోతది."

ఆయన వేలు మడిచి పడవ మీద టక్ టక్ అని కొట్టాడు. "ఇది టేకు, బామ్మర్దీ."

నేను పడవకు బిగించిన బోల్టు వైపు చూశాను. ఒడ్డున అక్క నవ్వు ఆపుకోలేక కింద కూర్చుంది.

కోదాడ పోయి వచ్చే టైము లేదు. నా చూపు అక్క దండెం మీద పడింది. ఇంటి గోడ నుంచి వేపచెట్టు దాకా మంచి ఇనుప తీగ, దాని మీద తడి బట్టలు. అక్క నవ్వు ఆపింది.

"నా దండెం జోలికొస్తే చేతులిరుగుతయి."

"సరే అక్కా. పడవ కట్టేసుకుంటం. బావ ఇగ ఇంట్లనే ఉంటడు."

"పొద్దంతనా?"

"పొద్దంత."

అక్క కాసేపు బావను ఎగాదిగా చూసింది. "ఇప్పుకో. మరి ఈ బట్టలు యాడ ఆరేయాలె?"

"తెరచాప తాడుంది కదా," అని బావ నోరు జారాడు.

తీగ తుప్పు గీకి, బ్యాటరీ నుంచి ఒక్కో లైటుకూ లాగి బిగించాను. నాలుగున్నర దాటాక మూడూ వెలిగాయి. అప్పటికి అక్క తన చీరలు, బావ లుంగీ, నా బనియను వరసగా తెరచాప తాడుకు వేసేసింది.

ఆఫీసరు చెప్పిన టైముకే దిగాడు. ఎరుపు చూశాడు, ఆకుపచ్చ చూశాడు, తెలుపు కోసం తల ఎత్తి అక్కడే ఆగిపోయాడు.

"ఇవేంది?"

అక్కే చెప్పింది. "గాలి ఎటున్నదో సూసుకునేటందుకు సార్."

లుంగీ టపటపలాడింది. ఆఫీసరు దాన్ని కాసేపు శ్రద్ధగా చూశాడు.

"నడుపుకో పెద్దాయనా. ఆ లుంగీ మాత్రం ఎర్ర లైటుకు అడ్డం రానియ్యకు."

బావ ఆ మాట పూర్తికాకముందే ఒడ్డుకు కట్టిన తాడు విప్పాడు, పైన ఆరేసిన బట్టలతో సహా బయల్దేరడానికి.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లం: పడవలో నేను, బావ. ఒడ్డున అక్క, సూర్యాపేట ఆఫీసరు, మొహం పక్కకు తిప్పుకుని నవ్విన ఆయన జీపు డ్రైవరు. ఇంకా, అవతలికి దాటాలని రెండు మేకలతో వచ్చి మొదటి నుంచీ కూర్చున్న ఒకామె. మిర్యాలగూడలో నా షాపు ముందు ట్రాక్టర్ ఆపి "టేకుదా, ఇనుపదా?" అని అడిగే ప్రతివాడికీ ఈ సంగతి ఆమె నుంచి చేరిందే.