నిజ్వాలో నింపిన క్యాసెట్

నా భార్య గొంతును నేనే చెరిపేశాను. ఎవరి మీదా నెపం వేయడానికి లేదు. ఒమన్‌లో, నిజ్వా కోట మీద నిలబడి, పకపకా నవ్వుతూ, చేతులారా చెరిపేశాను.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. అక్కడి ఇబ్రి ఊళ్లో నాది మేస్త్రీ పని. నేను ఉత్తరం రాస్తే చదవడం ఆమెకు రాదు, ఇంకొకరితో చదివించుకోవాలంటే సిగ్గు. అందుకని మా వాళ్లందరిలాగే మాకూ క్యాసెట్టే ఉత్తరం. సెలవు మీద ఊరికెళ్లేవాడి చేతికిస్తే, మా వాడలో టేప్ రికార్డర్ ఉన్న ఇంటికి చేరేది. ఆమె విని, అదే క్యాసెట్ మీద జవాబు చెప్పి, తిరిగొచ్చేవాడితో పంపేది. నా మాటల మీద ఆమె మాటలు, ఆమె మాటల మీద మళ్లీ నావి. రెండేళ్లుగా ఒక్క క్యాసెట్టే అటూ ఇటూ తిరిగింది. ఇంకొకటి కొనొచ్చు కదా అంటారు. కొనొచ్చు. బుద్ధి ఉంటేగా!

ఆ చలికాలం ఆమె క్యాసెట్ బక్రీద్‌కు వారం ముందు అందింది. ఎప్పుడూ ఆ టేప్ రికార్డర్ ఇంటివాళ్ల ముందు సిగ్గుపడి నాలుగు ముక్కలు చెప్పి ఊరుకునేది. ఈసారి రెండు వైపులా మాట్లాడింది. బర్రె ఈనిందట. బిడ్డ బడికి పోనని మొండికేస్తోందట. నడుమ నడుమ దగ్గు. చివర్లో భయంగా గొంతు తగ్గించి, "జరం అస్తాంది, పోతాంది. నాకెందుకో బుగులైతాంది. ఒక్కసారి అచ్చి పోరాదు" అంది.

విన్నాను. రెండుసార్లు విన్నాను. సెలవు మాత్రం అడగలేదు. ఆర్నెల్లు ఆగితే కంపెనీయే టికెట్ ఇస్తుంది, జ్వరాలు ఎవరికి రావు అనుకున్నాను. తలుచుకుంటే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

పండక్కి మూడు రోజులు సెలవిచ్చారు. నా రూమ్‌మేట్ హైదరాబాదీ, కంపెనీలో డ్రైవర్. ఎవరినో బతిమాలి పికప్ తెచ్చి, "చల్ భాయ్, నిజ్వా చూసొద్దాం. పురానా షహర్. ఎన్ని రోజులు ఈ సైట్, ఈ రూమ్!" అన్నాడు. టేప్ రికార్డర్ అతనిదే. "జవాబు అక్కడ్నుంచే చెప్పు, భాభీ ఖుష్ అయితది" అని ఆమె క్యాసెట్‌తో సహా దాన్నీ బండెక్కించాడు.

నిజ్వాలో చలిగాలి కొడుతోంది. మట్టిరంగు కోట, దానికో గుండ్రని బురుజు. మేస్త్రీని కదా, చుట్టూ అడుగులేసి కొలవబోయి మధ్యలోనే లెక్క తప్పాను. కాపలా ముసలాయన మాకు కాఫీ పోసి పైకి పంపాడు. మెట్ల మలుపుల్లో మన నెత్తి మీద కంతలున్నాయి. శత్రువులొస్తే వాటిలోంచి మరిగే ఖర్జూరపు పాకం పోసేవారట. అది విన్నాక నా నోరు ఆగుతుందా! రికార్డు బటన్ నొక్కాను.

"ఏమే, ఇంటున్నవా? గీడ నెత్తి మీద సలసల కాగే పాకం పోస్తుండెనట. నీ తిట్లకన్న నయమే!"

పైనుంచి కనిపించే ఖర్జూరపు తోటల గురించి చెప్పాను, ఊరి మధ్య పారే కాలువ గురించి చెప్పాను. జ్వరం సంగతి ఒక్క ముక్కలో తేల్చేశాను. "నీకేమైతదే, రాయి లెక్కుంటవ్. ఎండకాలం అస్త తియ్." కిందికి దిగితే పండుగ మేకల సంత. కొనేవాళ్లు గుండ్రంగా కూర్చుంటే, అమ్మేవాళ్లు మేకల్ని మధ్యలో తిప్పుతూ ధరలు అరుస్తున్నారు. ఆమెకు మేకలంటే ప్రాణం. టేప్ ఖాళీగా ఎందుకు పోవాలని రెండో వైపంతా ఆ అరుపులతో నింపాను.

"పూరా భర్ దియా? గొంతు ఎండలేదా భాయ్!" అని రూమ్‌మేట్ నవ్వాడు. నేనూ నవ్వాను. పండుగ అక్కడే అతని చుట్టాల రూమ్‌లో చేసుకుని, మూడో రోజు మధ్యాహ్నానికి ఇబ్రి చేరాం.

ఫోర్‌మన్ మా రూమ్ ముందే నిలబడి ఉన్నాడు. చేతిలో టెలిగ్రామ్. మేం బయల్దేరిన కాసేపటికే వచ్చిందట. నా భార్య అంతకు ముందు రోజే చనిపోయింది. కోట మీద నేను ఆమెతో పరాచికాలాడుతున్నప్పటికే ఆమెను కాల్చేశారు.

ఏడుపు కూడా రాలేదు. క్యాసెట్ గుర్తొచ్చింది. ఆమె ఫోటో ఉంది, చీరలున్నాయి. గొంతు మాత్రం ఇంకెక్కడా లేదు.

"ఆఖర్ల కొంచెమన్న మిగిలుంటది భాయ్, చూద్దాం పా" అని రూమ్‌మేట్ క్యాసెట్ పెట్టాడు. మొదటి వైపు విన్నాం. పాకం, తోటలు, నా వెకిలి నవ్వు. రెండో వైపు తిప్పాం. మేకలు, మేకలు. ఆమె మాట లేకపోయినా ఫర్వాలేదు, ఒక్క దగ్గు వినబడితే చాలు దేవుడా అని చెవి ఆనించి కూర్చున్నాను. మేకల అరుపులు ఆగాయి.

నా గొంతే వచ్చింది. "ఇగ అయిపోయిందే. గిదంత చెరిపేసి, నువ్వు మాట్లాడు."