వెనక్కి పంపిన స్పీకర్లు

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. అంగడి నుంచి గడప లోపలికి వచ్చిన వస్తువు మళ్ళీ అంగడికి పోదు. నచ్చినా, నచ్చకపోయినా అంతే. తెచ్చుకుని, వాడి చూసి, బాగాలేదని తిప్పి పంపడం మా వాళ్ళ మర్యాద కాదు. మా తాత కాలంలో ఆ మాటకు బలం ఉండేది. హిందూపురంలో నూనె మిల్లు మాది. ఇప్పుడది కల్యాణమండపం. అక్కడ జరిగే పెళ్ళిళ్ళకు మమ్మల్ని పిలుస్తారు, మేమూ ఇస్త్రీ బట్టలు వేసుకుని వెళ్ళి ముందు వరసలో కూర్చుని వస్తాం. మాకు మిగిలింది పెనుకొండలో ఇంటి ముందు భాగం, అందులో తాత పంచాయితీలు చేసిన పొడుగాటి సావిడి. రాతి గోడలు, కింద నాపరాళ్ళు.

ఆ సావిడిని నేను పాటలు వినే గదిగా చేసుకున్నాను. సాయంత్రం కాలేజీలో పాఠాలు చెప్పి రాగానే నేనూ నా భార్యా అక్కడ కూర్చుని కచేరీలు వినేవాళ్ళం. పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటు. ఇద్దరం పెద్దగా మాట్లాడే మనుషులం కాదు. ఆ కాసేపట్లో మాటలు లేకపోయినా వెలితి అనిపించేది కాదు.

నిరుడు ఆమెకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ కుడి చెవి వినికిడి చాలావరకు పోయింది. బెంగళూరు డాక్టరు చూసి, అది ఇక తిరిగి రాదన్నాడు. అప్పటి నుంచి ఆమె సావిడిలోకి రావడం మానేసింది. "మాటలన్నీ కలిసిపోతాండాయి. మోత తప్ప ఏమీ తెలీడంలే. మీరు వినండి" అని వంటింట్లోకి వెళ్ళిపోయేది. కొన్నాళ్ళు ఒక్కడినే విన్నాను. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే పాట మీద మనసు నిలవలేదు. పాత స్పీకర్లు పాడైపోయాయి, కొత్తవి తెస్తే ఆమె మళ్ళీ వచ్చి కూర్చుంటుందని నాకు నేనే చెప్పుకుని హిందూపురం వెళ్ళాను.

అక్కడి అంగడాయన మర్యాదస్తుడు. నాతో తెలుగు, లోపలి మనిషితో కన్నడం మాట్లాడుతూ రెండు జతలు వినిపించాడు. ఒకటి నడుమెత్తున నేల మీద నిలబడే పెద్ద జత, టేకు రంగు. రెండోది స్టాండు మీద పెట్టుకునే చిన్న పెట్టెలు. శబ్దం పెంచే మీట కదల్చకుండా ఒకదాని తరువాత ఒకటి పెట్టాడు. పెద్దవి కాస్త గట్టిగా పలికాయి. గట్టిగా పలికింది మంచిగా పలికినట్టు చెవికి తోస్తుందని నాకప్పుడు తెలియదు. పైగా వాటి నిలువు నాకు నచ్చింది. మా సావిడికి తగినవి అవే అనుకున్నాను.

"రెండు జతలూ తీసుకపోండి సార్" అన్నాడాయన. "వారం రోజులు వినండి. నచ్చనిది వెనక్కి ఇచ్చేయండి. ఈడ కార్పెట్టు ఉండాది, పరదాలు ఉండాయి. మీ ఇంట్లో ఎట్ల పలుకుతాయో నాకేం తెలుసు?"

"మా ఇంట్లో అట్లాంటి అలవాటు లేదు."

"అందరూ చేసేదే కద సార్."

ఆ 'అందరూ' అన్నది నాకు నచ్చలేదు. పెద్ద జత ఒక్కటే బండిలో ఎక్కించమన్నాను.

ఇంటికి తెచ్చి వాకిలికి అటొకటి ఇటొకటి, గోడ మూలలకు ఆనించి నిలబెట్టాను. నా భార్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. మృదంగం మొదలైంది. ఆ దెబ్బ రాళ్ళకు తగిలి గదంతా గుంయ్ మని తిరిగి, గాయని గొంతును ముంచేసింది. ఆమె తల ఒకవైపు వంచి కాసేపు ఓపిక పట్టింది.

"ఇంటి మీద లారీ పోతాన్నట్టుండాది" అని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "చూసేకి మాత్రం బాగుండాయి" అంది.

నాకు ఆ రెండో మాటే ఎక్కువ తగిలింది.

వాటి మీద దుప్పటి కప్పి ఊరుకున్నాను. తిప్పి పంపే ఆలోచన కూడా రానివ్వలేదు. ఒకనాడు ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే నా స్నేహితుడు హిందూపురం పోతూ మా ఇంటి దగ్గర దిగాడు. కాలేజీలో కలిసి చదువుకున్నాం. మా కుటుంబం దిగుతుంటే వాళ్ళ కుటుంబం ఎక్కింది. ఆ సంగతి అతను ఒక్కనాడూ నా ముందు తేలేదు. దానికి బదులు నన్ను వెక్కిరిస్తూ ఉంటాడు, అది నాకు సుఖంగా ఉంటుంది. అతనికీ ఈ పిచ్చి ఉంది. తన చీరల అంగడి మీది గదిలో మంచి స్పీకర్లు పెట్టుకున్నాడు.

దుప్పటి తీసి, ఒక పాట విని నవ్వాడు. "ఏం దొరా, ద్వారపాలకుల మాదిరి నిలబెట్టినావే. మూలల్లో పెడితే గుంయ్ మనక ఏం చేస్తాయి? వినేటి మనిషి యాడ కూసుంటాది?"

అతను లోపలికి చూసి పిలిచాడు. "చెల్లెమ్మా, నీకు యాడ కూసుంటే బాగుంటాది?"

"నన్నెవరు అడిగినారన్నా?" అంటూ ఆమె వచ్చింది.

తన కుర్చీని గది మధ్యకు లాగి, ఎడమ చెవి ముందుకు వచ్చేలా కాస్త తిప్పుకుంది. మేమిద్దరం స్పీకర్లను మూలల నుంచి బయటికి జరిపాం. మోత కొంత తగ్గింది. ఆమె ముఖంలో మాత్రం పాట కనిపించలేదు.

"ఇంకో జత ఉండాదన్నావే, అదేది?" అన్నాడు.

"అంగట్లో ఉంది. అదీ ఇదీ తెచ్చి తిప్పి పంపడం మా ఇంట్లో లేదు."

అతను నడుము మీద చేతులు పెట్టుకున్నాడు. "ఎవురప్పా నీకు చెప్పింది? మా తాత చీరల మూట నెత్తిన పెట్టుకోని ఈ సావిడికే వచ్చేటోడు. మీ అవ్వ ఆ కిటికీ కాడ ఒక్కో చీర వెలుతురుకు పట్టి, కోడండ్ల భుజాన వేసి చూసేది. వారం పెట్టుకోని, మూటలో సగానికి పైన తిప్పి పంపేది. మా తాత మీ ఇంటి పేరు చెప్తానే నిట్టూర్చేటోడు!"

నేను నా భార్య వైపు చూశాను.

"అత్త కూడా అట్లే చేసేది. మీకు తెలీదా?" అంది ఆమె. "మొగోళ్ళు భోజనాలు చేసి పడుకున్నంక."

చీర కట్టుకునే మనిషి మీద, ఆ ఇంటి వెలుతురులో చూడకుండా కొనడం ధర్మవరంలో ఎవరూ చేయరు. అది మా సావిడిలోనే జరిగేది. మగవాళ్ళం పక్క గదిలో నిద్రపోతూ మా కట్టుబాటును కాపాడుకున్నాం.

అంగడాయనకు ఫోనులో ఏం చెప్పాలో మనసులో అల్లుకున్నాను. ఆయన అదేదీ చెప్పనివ్వలేదు. నా గొంతు వినగానే, "చిన్నవి పంపమంటారా సార్? మా బండి పెనుకొండ మీదనే పోతాది" అన్నాడు. అంత సులువుగా నన్ను గట్టెక్కించిన మనిషిని నేను మరచిపోను.

మరుసటి మధ్యాహ్నానికి చిన్నవి వచ్చాయి. హిందూపురం నుంచి తిరిగి వెళుతూ స్నేహితుడూ ఆగాడు. ఏ జత పలుకుతుందో ఆమెకు కనిపించకుండా ధ్వనికి అడ్డురాని పలచటి పాత చీర ఒకటి అడ్డం కట్టాడు. రెండు జతలూ ఒకే గట్టిదనంతో పలికేలా మీట సరిచేసి, ఒకే పాట మార్చి మార్చి పెట్టాడు. గొప్పగా పలికేది ఏదో నాకు తెలుస్తూనే ఉంది. నేను నోరు విప్పలేదు.

"ఇది" అంది ఆమె. "దీంట్లో మాటలు విడివిడిగా ఉండాయి."

అవి చిన్నవి. చిన్నవి కాబట్టి కుర్చీకి దగ్గరగా తెచ్చుకోవచ్చు. దగ్గరగా ఉంటే రాతి గోడల మోత కన్నా గొంతు ముందు చేరుతుంది. స్నేహితుడు ఇదంతా నాకు చెప్తూ ఉంటే ఆమె వినలేదు, పాట వింటోంది. పెద్దవాటిని తిరుగుదారిలో వచ్చిన అంగడి బండిలోకి ఎక్కించేటప్పుడు ఒకదానికి నేనూ చెయ్యి వేశాను. వీధిలో అందరూ చూశారు. చూడనీ అనుకున్నాను.

ఆ మరునాడు సాయంత్రం పిలవకముందే ఆమె వచ్చి కూర్చుంది. స్నేహితుడికీ, అంగడాయనకూ, నేను చూడని మా అవ్వకూ మనసులో దండం పెట్టుకున్నాను. పాట సగంలో ఉండగా నా భార్య చెయ్యెత్తింది.

"ఈ చరణం ఎత్తుకునే ముందు పాడే ఆమె ఊపిరి తీసుకుంటాది. మీకెప్పుడైనా వినిపించిందా?"

ఇన్నేళ్ళుగా వింటున్న పాట. రెండు చెవులూ బాగున్న నాకు ఒక్కసారీ వినిపించలేదని చెప్పాను.

"అట్లయితే మళ్ళీ పెట్టండి" అంది. మళ్ళీ పెట్టాను. ఆమె చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ కూర్చున్నాను.