వదలని కర్ర

“...కర్ర వదలకపోతే అది రిలే ఎలా అవుతుంది మేడమ్? తాడులాట అవుతుంది.”

“అవనివ్వండి సార్. మన బడిలో రిలే అంటే అదే.”

హెడ్మాస్టరు గది తలుపు మూసే ఉన్నా, లోపలి మాటలు వరండాలో బెంచీ దాకా వినిపిస్తూనే ఉన్నాయి. ఆయనతో వాదిస్తున్నది డ్రిల్లు టీచరు. ఊరి చివర, బస్సులు వెనక్కి తిరిగే చోట ఉన్న ఆ ప్రభుత్వ బడిలో చిన్నబడి నుంచి పన్నెండో తరగతి దాకా అందరికీ మైదానం ఒక్కటే. అక్కడ చెల్లేది ఆవిడ ఈల.

ఆవిడ రిలేలో జట్టుకు ఇద్దరే. చిన్నబడి నుంచి ఒకరు, పన్నెండో తరగతి నుంచి ఒకరు. ముందు చిన్నవాళ్లు పరిగెత్తి కర్ర అందించాలి. చాలామంది అందించరు, తమ వస్తువు ఎవరో లాక్కుంటున్నారనుకుని ఇంకా గట్టిగా పట్టుకుంటారు. అప్పుడు పెద్దవాళ్లు గుంజుకోకూడదు. అడుగు తగ్గించుకుని, ఆ చిన్నవాళ్లను వెంటబెట్టుకునే గీత దాటాలి.

ఆవిడా ఈ బడిలోనే చదువుకుంది. చేరిన ఏడాది తనూ కర్ర వదల్లేదు. పెద్దపిల్ల ఒక్క గుంజు గుంజితే బోర్లా పడింది. మైదానమంతా నవ్వింది. గడ్డం కింద ఆ కుట్ల గుర్తు, ఈల ఊదడానికి తలెత్తినప్పుడు ఇప్పటికీ కనిపిస్తుంది. పెద్దయ్యాక వాళ్ల నాన్న కుట్టుమిషను కొనిస్తానన్నాడు. ఆవిడ ఈల కొనుక్కుంది. ఇక్కడే ఉద్యోగం వచ్చాక మొట్టమొదట మార్చింది ఆ పరుగునే.

“అల్మారాలో ఒక్క కప్పు లేదు మేడమ్. సాలెగూళ్లున్నాయి.”

“దులిపిస్తాను సార్.”

“వేళాకోళం కాదు. శనివారం ఆటల పోటీలకు పై ఆఫీసరు వస్తున్నారు, పక్క బడులవాళ్లు వస్తున్నారు. నలుగురిలో నవ్వులపాలవుతాం. చిన్నబడి పిల్లలు మెట్ల మీద కూర్చుని చప్పట్లు కొడతారు. కుదరదంటారా, మైదానం ఇంకొకరికి అప్పజెప్పి మీరు స్టోరు రూము తాళాలు తీసుకోండి.”

ఆవిడ బయటికి వచ్చింది. బెంచీ మీద ఇద్దరున్నారు. స్వెట్టరు మీద స్వెట్టరు తొడుక్కొచ్చే చిన్నబడి పిల్లను అందరూ మూట అంటారు. పక్కనున్న పన్నెండో తరగతి పొడుగుపిల్ల నిచ్చెన. మూట రెండు చేతులతో కర్రను పొట్టకు అదుముకుని ఉంది.

“అన్నం తినేటప్పుడు కూడా వదల్లేదు మేడమ్,” అంది నిచ్చెన.

“అక్కకిస్తే మళ్లీ ఇవ్వదు,” అంది మూట.

“విన్నారా? పోనీలెండి మేడమ్, మాకోసం మీకెందుకీ గొడవ? దీంతో పరిగెడితే ఎలాగూ ఆఖరే.”

“చిన్నబడిలో నీతో పరిగెత్తిన అక్క కూడా ఆఖరే వచ్చింది,” అంది టీచరు.

నిచ్చెన నవ్వింది. “నేనూ వదల్లేదా?”

“గీత దాటాక కూడా వదల్లేదు. ఆ అక్క నిన్ను ఎత్తుకుని క్లాసులో దింపింది, కర్రతో సహా.”

నిచ్చెన వంగి, మూటకు జారిన స్వెట్టరు చేతిని పైకి మడిచింది.

డ్రిల్లు టీచరు వెనక్కి తిరిగి తలుపు తోసింది. ఈసారి మూసుకోలేదు.

“సార్, తాళాలు నాకొద్దు. శనివారం మొదటి పరుగు చిన్నబడిదే. కర్ర వదలనివాళ్ల పక్కన నేనూ పరిగెడతాను.”