బావ పెదవులు కదిలిన చోట

మా చెల్లె పోయి ఏడాది దాటింది. ఆమె గొంతును నేను మళ్లీ జగిత్యాల బస్టాండు పక్కన చాయ్ హోటల్‌లో విన్నాను. వెనక బల్ల మీద ఇద్దరు ఫోన్ చూస్తున్నారు. అందులోంచి వచ్చింది.

"ముందుగాల అద్దాలు వెట్టుకో. కండ్లు కనవడకుంట నేత్తె గా గుడ్డ ఎవలు కట్టుకుంటరు?"

నేను వెంటనే తిరగలేదు. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు తిరిగి చూశాను. ఫోన్‌లో ఏదో క్రికెట్ ఆట. అంపైరు ఔట్ కానివాణ్ని ఔటిచ్చాడు. ఆ బొమ్మ మీద మా చెల్లె తిట్టును అతికించారు. వాళ్లు నవ్వుకుని మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నారు. మా చెల్లె మళ్లీ తిట్టింది.

ఆమె గొంతు ఆ ఫోన్‌లోకి ఎట్లా చేరిందో చెప్పాలి. చెల్లెను సిరిసిల్లకు ఇచ్చాం. బావ చేతిమగ్గం మీద నేసేవాడు. ఊరంతా సాంచెలు, అంటే పవర్‌లూమ్‌లు వచ్చాక కూడా ఆయన ఇంట్లో మగ్గం గుంట పూడ్చలేదు. ఎందుకు పూడ్చలేదని అడిగితే, పూడ్చుడుకు ఎవడు మన్ను మోస్తడు అనేవాడు. ఆ గుంట వల్లే సినిమావాళ్లు వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు.

అది ఎగిరే హీరో సినిమా. దెబ్బలు తిని, శక్తి పోయిన హీరో ఒక ముసలి నేతగాడి ఇంట్లో దాక్కుంటాడు. ఆ ముసలాయన నేసిన దుప్పటి భుజాన వేసుకున్నాకే మళ్లీ ఎగరగలుగుతాడు. ఆ ముసలాయన వేషం మా బావది. వేషమనడానికి ఏమీ లేదు, కూర్చుని నేయడమే. ఆ రోజు తమాషా చూద్దామని నేనూ వెళ్లాను. ఇల్లంతా వైర్లు, లైట్లు. చెల్లె తనను కూడా తీస్తారేమోనని బిడ్డ పెళ్లికి కొన్న పట్టుచీర కట్టుకుని సిద్ధంగా ఉంది. వాళ్లు ఆమెను కెమెరా పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టి, మాట్లాడొద్దని చెప్పారు.

బావను అద్దాలు తీసేయమన్నాడు డైరెక్టరు. కథ జరిగే కాలంలో అద్దాలు లేవట. మనిషి ఎగిరే కాలం ఒకటి ఉందంటే నమ్ముతారు గాని, ఆ కాలంలో ముసలివాడికి అద్దాలున్నాయంటే నమ్మరు. బావ తీసేశాడు. నేత మొదలైన కాసేపటికే పోగు తెగింది. తెగిన కొస దొరకక వేళ్లతో తడుముకుంటున్నాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. స్టూలు మీదున్న మా చెల్లెకు అది కెమెరా అని గుర్తులేదు, అక్కడున్న పదిమందీ గుర్తులేరు. ఆమెకు కనబడింది పాడవుతున్న గుడ్డ. ఆ మాట అప్పుడు వచ్చింది. అందరికంటే ముందు డైరెక్టరే నవ్వాడు. బావ కూడా తిరిగి ఏదో అన్నాడు. చెల్లె లేచి లోపలికి వెళ్లిపోయింది. అన్నం తినడానికి పిలిస్తే కూడా రాలేదు.

సినిమా హాలుకు వచ్చిన రోజు ఆ వాడ వాడంతా వెళ్లింది. తెర మీద బావ లేడు. మగ్గం లేదు. హీరో భుజం మీద దుప్పటి మాత్రం ఉంది, ఎక్కణ్నించి వచ్చిందో తెలియకుండా. చాలా రోజులు వాడలో బావను ఆటపట్టించారు. "ఏం మామా, నువ్వు నేసినవా, గా దుప్పటే దానంతట అదే నేసుకున్నదా" అని. ఆయన మగ్గం మీద కూర్చోవడం తగ్గించాడు. ఆ తర్వాత వానాకాలంలో చెల్లెకు పక్షవాతం వచ్చింది. ఒక పక్క పడిపోయింది, మాట పోయింది. కొన్ని నెలలు మంచం మీద ఉండి పోయింది.

ఇప్పుడు అదే సినిమాను డైరెక్టరు తన ఇష్టప్రకారం పెంచి ఫోన్‌లలోకి వదిలాడు. ఎక్స్‌టెండెడ్ కట్ అంటున్నారు. పెంచినదాన్ని కట్ అని ఎందుకంటారో నాకు ఎవరూ చెప్పలేదు. మా కోడలు తన ఫోన్‌లో నాకు మొత్తం చూపించింది. మూడు పూటలు పట్టింది. నా నడుము పోయింది. కానీ ఆ మగ్గం సీను ఉంది. బావ ఉన్నాడు. చెల్లె కనబడదు, వినబడుతుంది.

సినిమా కంటే దాని చుట్టూ జరుగుతున్న గోల పెద్దది. కోడలు చదివి వినిపించింది. సగం మంది, ఇదే అసలు సినిమా, హాలులో వేసింది తల లేని మొండెం అంటున్నారు. మిగతా సగం, సాగదీశాడు, ఆ ముసలాయన దారం వెతుక్కునే చోట చాయ్ తాగి రావచ్చు అంటున్నారు. ఇంకొందరు సినిమా చూస్తున్న తమ మొహాలనే వీడియో తీసి పెట్టుకున్నారు. వాటిని చూడ్డానికి మళ్లీ వేలమంది. నా వయసులో నేను జనం కొట్లాడుకోవడం చాలా చూశాను, నీళ్ల కోసం, కూలి కోసం. వీళ్లు ఒక సీను అర్ధగంట ముందుండాలా, వెనకుండాలా అని ఒకరి తల్లిని ఒకరు తిట్టుకుంటున్నారు.

రెండు పక్షాలకూ ఒక్క మా చెల్లె మాట మాత్రం నచ్చింది. దాన్ని కోసుకుని ఎక్కడ పడితే అక్కడ పెట్టుకున్నారు. గుంతలో పడ్డ లారీ మీద, ఓడిపోయిన లీడరు మీద, మాడిన దోశ మీద.

నాకు కాలింది. నేను బడికి పోయినవాణ్ని కాదు. నూలు కట్టలకు చుట్టివచ్చిన పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ని. నా చిన్నప్పటి నుంచి తెర మీద మా మాట ఎవరి నోట వచ్చిందో నాకు గుర్తుంది. రౌడీ నోట వచ్చింది, పనిమనిషి నోట వచ్చింది, తన్నులు తినే జోకరు నోట వచ్చింది. హీరో తల్లి నోట ఎప్పుడూ రాలేదు. మా మాట వినబడిందంటే వెనకాలే హాలంతా నవ్వాలి, అదొక లెక్క. ఇప్పుడు హీరోలు కూడా మన యాసే మాట్లాడుతున్నారు మామయ్యా, ఎవరూ ఎక్కిరించడం లేదు అని కోడలు అంది. నిజమే కావచ్చు. మా చెల్లెను చూసి నవ్వుతున్నారా, చెల్లెతో కలిసి నవ్వుతున్నారా అని విడదీసి చూసే ఓపిక నాకు లేదు. దాన్ని ఫోన్లలోంచి తీసేయించాలనుకున్నాను. దానికి బావ మాట కావాలి.

వేములవాడ మీదుగా సిరిసిల్ల వెళ్లాను. బావ అరుగు మీద ఉన్నాడు. చేతిలో పనేమీ లేదు, చదివే పేపరు లేదు, అయినా అద్దాలు పెట్టుకునే ఉన్నాడు. పక్కింటి సాంచెల చప్పుడులో మాట్లాడుకోవాలంటే దగ్గరగా కూర్చోవాలి. ఎట్లా మొదలుపెట్టాలా అని చూస్తున్నాను. ఆయనే మొదలుపెట్టాడు. మొన్న అన్నం తింటుంటే పక్కన సాంచెల షెడ్డులో ఎవరో ఫోన్‌లో ఆ మాట పెట్టారట.

"అన్నం కాడికెల్లి లేచి పోయిన బావా. ఎంగిలి చెయ్యితోటే పోయిన. ఏడున్నది, ఏడున్నదని అడుగుతున్న. పిల్లగాండ్లు బుగులువడి ఎన్కకు జరిగిండ్రు."

నేను తీయించే సంగతి చెప్పాను. ఫిర్యాదు చేద్దాం, మొదట ఎవడు పెట్టాడో మా కోడలికి తెలుసు, కోరుట్లలో ఫోన్ల దుకాణం అతను అన్నాను. బావ ఆ మాట విన్నట్టు లేదు. సాంచెలు ఆగినప్పుడు నా వైపు వంగాడు.

"దాని తర్వాతది గూడ ఉన్నదా అండ్ల?"

"ఏది?"

"నేనన్నది."

నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. గుర్తుకు రావడమేమిటి, నేను అక్కడే, గుమ్మం దగ్గరే ఉన్నాను. చెల్లె అద్దాలు పెట్టుకొమ్మనగానే బావ మగ్గం మీద నుంచే, "నీ నోరు పడిపోను, పదిమందిల నా ఇజ్జత్ తీత్తవా" అన్నాడు.

ఆ తిట్టు లేని ఇల్లు మా వైపు లేదు. మా అమ్మ మా నాయనను అనేది. నేను నా భార్యను అన్నాను, ఆమె నన్ను రెండింతలు అంది. అది శాపం కాదు, నోటికి అలవాటు. పొద్దున అని సాయంత్రం పక్కపక్కన కూర్చుని తింటారు. కానీ మా చెల్లెకు నోరే పడిపోయింది. చివరి రోజుల్లో నీళ్లు కావాలన్నా కళ్లతోనే అడిగింది. పెగడపల్లిలో ఇచ్చిన బిడ్డ వచ్చి, తల్లి పక్కనే ఉండి, చెంచాతో జావ పోసింది. తల్లి మాట ఒక్కసారి వింటే చాలని ఎంతమంది డాక్టర్ల దగ్గరికో తిరిగింది.

"గా మాట బయటికొత్తె నా బిడ్డ ఇంటది. ఇన్నంక మల్ల నా గడప తొక్కుతదా?" అన్నాడు బావ.

బీపీతో వచ్చింది, మాటతో రాలేదు, డాక్టరు చెప్పాడు కదా అన్నాను. గట్టిగానే అన్నాను, కోపంగా కూడా.

"నాకెరుకే" అన్నాడు. "ఎరుకైతే ఏంది."

ఇంటికి వచ్చి కోడలితో ఆ సీను మళ్లీ పెట్టించాను. చెల్లె మాట అయిపోతుంది. కెమెరా బావ మొహం మీదికి వస్తుంది. ఆయన పెదవులు కదులుతాయి. మాట వినబడదు, సంగీతం వస్తుంది. వెంటనే హీరో కళ్లు తెరుస్తాడు. దీని మీదే మరో గోల నడుస్తోందని కోడలు చెప్పింది. ముసలాయన దుప్పటికి ఏదో మంత్రం చెప్పాడు, అది రెండో భాగం గుట్టు, అందుకే డైరెక్టరు దాచాడు అంటున్నారు. పెదవులను ఆపి ఆపి చూస్తున్నారు. ఆ ముక్క మాటతో సహా వదలాలని అడగడానికి అభిమానులందరినీ కూడగడుతున్నది కూడా ఆ కోరుట్ల అతనే. షూటింగ్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి అని కూడా పెట్టాడట.

మర్నాడు మేడిపల్లి మీదుగా కోరుట్ల వెళ్లాను. చెల్లె గొంతు తీయించడానికే వెళ్తున్నానని కోడలికి చెప్పాను. దారిలో నాకే తెలియలేదు దేనికి వెళ్తున్నానో.

నేను ఎవడో గడ్డం పెంచిన కుర్రవాణ్ని ఊహించుకున్నాను. ముప్పై ఐదేళ్లుంటాయి అతనికి, పొట్ట వచ్చింది, గల్లా వెనక గోడ మీద పెళ్లాం పిల్లల ఫోటో ఉంది. ఫోను అద్దం మీద ప్లాస్టిక్ కాగితం అతికిస్తున్నాడు. ఆ గొంతు మా చెల్లెది అన్నాను. అతను లేచి నిలబడ్డాడు. అది డబ్బింగ్ చెప్పే ఆమెదని వాళ్లంతా అనుకుంటున్నారట. నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. మీ చెల్లె ఉన్నదా అని అడిగాడు. లేదన్నాను. అతికిస్తున్న ప్లాస్టిక్ కాగితాన్ని పక్కన పెట్టాడు.

నేను తిట్టడానికి మాటలు కూర్చుకుని వెళ్లాను. పాత సినిమాల సంగతి, మా యాస సంగతి, అన్నీ. అతను ఫోన్ తీసి జనం రాసినవి చదివాడు. మా నాయినమ్మ యాదికొచ్చింది అని ఒకరు. మా అమ్మ గిట్లనే మొత్తుకుంటది, పొద్దున లేస్తే ఇదే అని ఒకరు. నేను కూర్చుకున్న మాటలు అట్లాగే ఉండిపోయాయి. తప్పు నాదని నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. అలసిపోయాను, అంతే.

"నాది తీసేత్త కాకా, ఇప్పుడే తీసేత్త" అన్నాడు. "కని అది ఇప్పుడు నా చేతుల లేదు. ఎందరి ఫోన్లకు పోయిందో."

ఉండనీ అన్నాను. అతను బల్లను దగ్గరికి జరుపుకున్నాడు.

"నువ్వు ఆ రోజు ఆడ ఉన్నవా కాకా?"

"ఉన్న."

"మరి ముసలాయన ఏమన్నడు?"

కొట్టులో ఫోన్ బాగు చేయించుకోవడానికి వచ్చిన ఇద్దరు కూడా ఇటు తిరిగారు. నేను ఉన్నమాట మొహం మీద అనేవాణ్నని నాకు పేరు. దాని వల్ల చాలా పోగొట్టుకున్నాను, పనులు, చుట్టాలు. ఆ పేరంటే నాకు గర్వమే.

"నాడె అందియ్యమన్నడు" అన్నాను.

నాడె అంటే ఏమిటో అందులో ఒకతనికి తెలియదు. మగ్గంలో అటూ ఇటూ దారం మోసుకుపోయేది అని చెప్పాను.

"గంతేనా?" అన్నాడు దుకాణం అతను.

"గంతే. నాడె కింద పడ్డది. వంగితే ఆయనకు నడుము పట్టేస్తది."

అతని మొహం చిన్నబోయింది. మేము మంత్రం అనుకున్నం కాకా అన్నాడు. అయినా ఆ మాట వీడియోలో చెప్పమన్నాడు. చెప్పాను. నా అద్దాల మీద లైటు మెరుస్తోంది, తీయమన్నాడు. తీయనన్నాను. జరిగి కూర్చోమంటే జరిగాను. రెండోసారి కూడా చెప్పాను. మొదటిసారి కంటే రెండోసారే బాగా చెప్పానట.

రెండు రోజుల తర్వాత కోడలు దాని మీద వచ్చినవి చదివింది. ఈ తాతకేం తెలుసు అన్నారు. సినిమావాళ్లు చెప్పించారన్నారు. దాస్తున్నాడు, కళ్లు చూడండి అన్నారు. ఎవడో ఒకడు మాత్రం, నాడె అంటే పెదవులు కలవవు, ముసలాయన పెదవులు రెండు మూడుసార్లు కలిశాయి, అందులో ప ఉంది అని రాశాడు. మిగతావాళ్ల మీద నాకు కోపం వచ్చింది. వీడి మీద రాలేదు. ఇంత శ్రద్ధగల మనిషి మరేదైనా పని చూసుకుంటే బాగుండునని మాత్రం అనిపించింది. ఆ మాట డైరెక్టరు దగ్గర ఏ పెట్టెలో ఉందో, లేదో నాకు తెలియదు.

బావకు అప్పుడు ఫోన్ చేశాను. కోరుట్ల వెళ్లి వచ్చానని చెప్పాను. ఏమని చెప్పినవ్ అని అడిగాడు.

"నాడె అందియ్యమన్నవని చెప్పిన."

అవతల సాంచెల చప్పుడు.

"ఆ రోజు గదే అనుంటె అయిపోతుండె గద బావా" అన్నాడు.