అద్దంలో రమ మొహం

బయటికి చెబితే చిన్న విషయంలాగే ఉంటుంది. అయినా ఇన్నేళ్ళుగా నా గుండెల మీద బరువు దిగలేదు. మావారికి కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కనుక మీకు చెబుతున్నాను.

గల్ఫ్ యుద్ధం ముగిసిన ఏడాది అది. రియాద్‌లో మా ఫ్లాట్ కిటికీలకు అంటించిన టేపు ఇంకా పూర్తిగా ఊడిరాలేదు. నేనూ రమా అక్కడి ఇండియన్ స్కూల్లో, ఆడపిల్లల విభాగంలో, పదకొండో తరగతి చదువుతున్నాం. మాది కాకినాడ. వాళ్ళది నిజామాబాద్ దగ్గర పల్లె. వాళ్ళ నాన్న ఒక కంపెనీలో ఏసీ టెక్నీషియన్.

చిన్నప్పుడు జ్వరమొచ్చి రమ మొహం ఒక పక్క పడిపోయింది. ఊరికే ఉంటే తెలియదు. నవ్వినా, ఆయాసపడినా నోరు పక్కకు లాగేసేది. అందుకే ఆమెకు రియాద్ ఇష్టం. వీధిలోకి వెళితే అబాయా వేసుకుని మొహం కూడా కప్పేసుకునేది. మేమంతా ఆ నల్లబట్టను విసుక్కుంటుంటే, ఇక్కడ తనను ఎవరూ తేరిపార చూడరని మురిసిపోయేది. ఇంట్లో తలుపులు వేసుకుని మాత్రం నాట్యం చేసేది. ఊళ్ళో నేర్చుకున్న నాలుగు అడుగులే. వాటితోనే ఎంత బాగా చేసేదో!

యుద్ధానికి ముందు దేశం విడిచి వెళ్తూ మా నాన్న ఆఫీసులోని ఒక తెల్లాయన వీడియో క్యాసెట్ల పెట్టె మాకిచ్చి పోయాడు. అందులో ఒక బాలే సినిమా ఉంది. భయపెట్టే సినిమా. మొదట్లో నర్తకి పాదాలు మాత్రమే కనిపిస్తాయి. చెక్కనేల మీద అడుగుల చప్పుడు, ఎవరిదో ఊపిరి. ఆ ఊపిరి ఆమెది కాదని మెల్లగా తెలుస్తుంది. మనిషిని చూపించకుండానే జడిపించొచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఇక నాకు పూనకం వచ్చినట్టే అయింది.

స్కూలు వార్షికోత్సవానికి ఆడపిల్లలూ తల్లులూ మాత్రమే వస్తారు. అక్కడ చూపించడానికి సినిమా తీస్తానన్నాను. మొత్తం కాదు, మొదలు మాత్రమే. రమ ఒకే ఒక్క షరతు పెట్టింది: కాళ్ళు ఎంతసేపైనా తీసుకో, మొహం మాత్రం రాకూడదు. ఒట్టు వేశాను.

మా పడగ్గదిలో, నాన్న వీడియో కెమెరాతో తీశాం. బాలే బూట్లు మాకెక్కడివి? గజ్జెలున్నాయి. వాటిని రమ కాళ్ళకు కట్టకుండా, ఒక చేత్తో కెమెరా పట్టుకుని రెండో చేత్తో ఆడించాను. ఆమె పాదాలు ఆగిపోతాయి, గజ్జెల చప్పుడు ఆగదు. అదీ మా భయం. ఆ ఆలోచన ఇప్పటికీ నాకు నచ్చుతుంది, ఏం చేయను?

చివరి తిరుగుడులో నా చెయ్యి జారి కెమెరా పైకి లేచింది. బీరువా అద్దంలో రమ మొహం పడింది. ఆయాసంతో నోరు పక్కకు లాగి, కళ్ళు మెరుస్తూ.

రెండు వీసీఆర్‌లను వైరుతో కలిపి, ఒకదాంట్లో ఆడిస్తూ రెండోదాంట్లో రికార్డు చేయడమే మా ఎడిటింగ్. వద్దనుకున్న చోట పాజ్ నొక్కాలి. ఆ చోటు వచ్చింది. వేలు బటన్ మీదే ఉంది. నొక్కలేదు.

ఎందుకు నొక్కలేదు? ఆ క్షణంలో ఆమె నాకు అందంగా కనిపించిందని, ఆ అందాన్ని కోసేయడానికి చేతులు రాలేదని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అదే నిజమైతే ఆమెను పిలిచి చూపించేదాన్ని కదా? చూపించలేదు. వద్దంటుందని తెలుసు.

హాల్లో ఆ మొహం తెర మీదికి రాగానే ముందు వరుసలోని చిన్నపిల్లలు కెవ్వుమన్నారు. తర్వాత నవ్వారు. ఆపైన హాలంతా చప్పట్లు. రమ నా పక్కనే కూర్చుంది, కదల్లేదు. ఆ చప్పట్లు నాకు నచ్చాయి. అది కూడా రాయాలి.

బస్సు దగ్గర నిలబడ్డప్పుడు నాకు ఏడుపొచ్చింది. రమే అడిగింది.

"నిజం చెప్పు. అది అండ్ల ఉన్నదని నీకు ఎరుకేనా?"

"లేదే. అసలు చూసుకోలేదు. నీ మీద ఒట్టు."

"గట్లయితే ఏడ్వకు. ఎరుకుండే పెట్టినవేమో అనుకున్న. గందుకే పాణం కొట్టుకున్నది."

అబాయా అంచుతో నా కళ్ళు తుడిచింది.

ఆ తర్వాత ఆమె నాట్యం చేయగా నేను చూడలేదు. ఎప్పుడడిగినా చదువు వంక చెప్పేది. వాళ్ళ నాన్న కాంట్రాక్టు అయిపోయి, ఇక తిరిగి రాని ఎగ్జిట్ వీసా మీద అందరూ ఊరికి వెళ్ళిపోయారు. స్నేహం మాత్రం నిలిచింది. ఇప్పటికీ ఫోన్లు చేసుకుంటాం. ఆమె నాతో మాట్లాడినంత మనసు విప్పి ఇంకెవరితోనూ మాట్లాడదు. అదే నన్ను తినేస్తుంది.

మొన్న వాళ్ళమ్మాయి కాలేజీలో షార్ట్ ఫిల్మ్ తీస్తూ, మొదలు ఎలా ఉండాలో అడగడానికి ఫోన్ చేసింది. ఏది చూపించాలో, ఏది దాచాలో ఉత్సాహంగా చెప్పుకుపోయాను. నటించేది ఎవరమ్మా అని అడిగాను. అమ్మే నటిస్తుంది అంది. పిన్నిని అడిగి ఆమె ఎలా చెబితే అలా తియ్యి, నాకేం భయం లేదు అందట రమ.

మీ అమ్మను అడగకుండా ఒక్క ముక్క కూడా ఉంచకు అని చెప్పి ఫోన్ పెట్టేశాను. పిన్ని అంత గట్టిగా ఎందుకు చెప్పిందోనని ఆ పిల్ల అనుకునే ఉంటుంది.

రమా, నాకు ఎరుకే. చూశాను. రెండుసార్లు వెనక్కి తిప్పి మరీ చూశాను. పిల్లలు జడుసుకుంటారని తెలిసే ఉంచాను.

క్షమించమని అడగడం లేదు. ఆ రోజు నువ్వు అడిగినదానికి జవాబు చెబుతున్నాను, అంతే.