గుండుగొలను వంతెన దగ్గర హారన్

అది యాభై నాలుగో సంవత్సరం. ఇంజను చచ్చిన బస్సుకు గొలుసు కట్టి, బంగార్రాజు తన పాత మిలిటరీ లారీతో తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు లాక్కుపోతున్నాడు. బస్సు డ్రైవరు పోతురాజు వెనక బస్సులో స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఆపాలంటే రబ్బరు హారన్ నొక్కాలని ముందే అనుకున్నారు.

గుండుగొలను వంతెన వచ్చింది. ఆరేళ్లపాటు ఇక్కడ హారన్ కొడితే చాలు, కొల్లేటి చేపల గంపతో సూరమ్మ బస్సెక్కడానికి పరుగెత్తుకొచ్చేది. మనసులో మాట పోతురాజు ఒక్కనాడూ చెప్పలేదు. నిరుడు ఆమె పెళ్లయి కలిదిండి వెళ్లిపోయింది.

వెధవ చెయ్యి, దానంతటదే హారన్ నొక్కేసింది. లారీ ఆగింది. బంగార్రాజు దిగి పరుగున వచ్చాడు.

"గొలుసు తెగిందాండీ?"

పోతురాజు ఖాళీ వంతెన కేసి చూశాడు.

"లేదండీ. ఇక్కడ ఆగడం ఈ బస్సుకి అలవాటు."